అద్దాలమ్మ, రెండో పడవ

మా అత్తయ్యను రేవులో అందరూ అద్దాలమ్మ అంటారు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆ పేరు విని, ఆవిడ దళసరి కళ్ళజోడు పెట్టుకుంటారు కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే అప్పట్లో ఆవిడకు కళ్ళజోడే లేదు. మేడ కింద దుకాణంలో బైనాక్యులర్లు అమ్మడం, పాడైనవి బాగుచేయడం ఆవిడ పని. వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన దుకాణం అది. పక్షుల పిచ్చివాళ్ళు, పడవల యజమానులు, కొడుకు పుట్టినరోజుకు ఏదో ఒకటి కొనిపడేద్దామనుకునే తండ్రులు, అందరూ ఆవిడ దగ్గరికే రావాలి. వచ్చినవాళ్ళలో చీవాట్లు తినకుండా బయటపడ్డవాళ్ళను నేను చూడలేదు.

"ఇది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందండీ?" అని అడిగితే చాలు, ఇక అయిపోయారే.

"పెద్దగా చూపిస్తే ఏం చేసుకుంటారు? మీ చేతి వణుకు కూడా అంతే పెద్దగా చూపిస్తుంది. ఇరవై రెట్లది కొని ఇంటికెళ్తే పిట్ట ఒక చోట నిలబడదు, గంతులేస్తూనే ఉంటుంది. ఎనిమిది రెట్లు చాలు. ఇదిగో, మెళ్ళో వేసుకుని అలా బజారంతా తిరిగి రండి. మెడ నొప్పి పుట్టకపోతే అప్పుడు మాట్లాడుకుందాం."

సరుకు మెళ్ళో వేసి బజారు మీదికి పంపే వ్యాపారి ఇంకెక్కడా ఉండరు. అయినా ఒక్కడూ ఎత్తుకుపోలేదు. ఆవిడ నోటికి జడిసి ఉంటారు.

తిరిగి వచ్చినవాడికి అసలు పరీక్ష అప్పుడు మొదలు. బైనాక్యులర్‌ను చెయ్యి చాచినంత దూరంలో పెట్టి వెలుతురు వైపు చూడమనేవారు. కళ్ళు ఆనించే చోట రెండు వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి గుండ్రంగా ఉంటే మంచి సరుకు, అంచులు కోసుకుపోయినట్టుంటే లోపల చవక గాజు. తర్వాత గొట్టాలు రెండూ మన కళ్ళ మధ్య దూరానికి సరిపోయేలా వంచాలి, ఎడమ కంటికి మధ్య చక్రం తిప్పాలి, కుడి కంటికి ఆ వైపు గొట్టం చుట్టూ ఉన్న చిన్న కట్టు తిప్పాలి. చివరగా వీధి చివరి స్తంభం చూడమని, వాళ్ళు చూస్తున్నంతసేపూ వాళ్ళ నుదుటి వైపే చూస్తూ ఉండేవారు. నుదురు ముడతపడిందా, వెంటనే లాక్కునేవారు.

"మీ కళ్ళు లాగుతున్నాయి. ఇది మీకొద్దు. రెండు గొట్టాలూ ఒకే వైపు చూడాలి. ఒకటి వెంట్రుకవాసి పక్కకి చూసినా కళ్ళు దాన్ని లాక్కొచ్చి కలుపుకోవాలి. కలుపుకోలేకపోతే ఒకటి రెండుగా కనపడుతుంది."

ఇక కొన్నవాళ్ళు దాన్ని ఎలా చూసుకుంటున్నారో కూడా ఆవిడకే కావాలి. చొక్కా అంచుతో గాజు తుడిచేవాళ్ళ మీద ఆవిడకు పగ. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టాలి, తర్వాత మెత్తటి కుంచె, ఆ తర్వాతే బట్ట. నోటితో ఊదితే "ఉమ్మి కూడా కొంచెం వెయ్యండి, సరిపోతుంది" అనేవారు. తోలు పెట్టెలో పెట్టి బీరువాలో దాచానని గొప్పగా చెప్పుకున్న ఒక పెద్దమనిషితో, "దాచడం కాదండీ, బూజుకి అద్దెకిచ్చారు" అన్నారు. గాలీ వెలుతురూ తగలకపోతే గాజు లోపల బూజు పడుతుంది. సాలెగూడులా పాకి, గాజును తినేస్తుంది.

ఆవిడ దుకాణంలో ఎవరికీ అమ్మనిది, ఎవరూ ముట్టుకోకూడనిది ఒకటి ఉండేది. నల్లరంగు అక్కడక్కడా లేచిపోయి లోపలి ఇత్తడి బయటపడ్డ పాత బైనాక్యులర్. దానికి గాజు తలుపుల అలమరలో పై అర మొత్తం ఇచ్చారు. తేమ పీల్చే పొట్లాన్ని ఎప్పటికప్పుడు మార్చేవారు, పైపైన దుమ్ము దులిపేవారు, ఎండ పడే రోజున కాసేపు కిటికీలో పెట్టేవారు. కళ్ళకు మాత్రం ఎప్పుడూ ఆనించుకునేవారు కాదు. అది మామయ్యది.

మామయ్య సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నేను చూసినన్నాళ్ళూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. రేవు కాపలా బురుజు మీద ఉద్యోగం చేసేవారు. సముద్రం మీద ఎవరైనా చిక్కుకుంటే బైనాక్యులర్‌తో చూసి, రక్షణ పడవలవాళ్ళకు ఫోన్‌లో చెప్పడం ఆయన పని. నేను వచ్చేటప్పటికే ఆ ఉద్యోగం మానేసి ఏళ్ళు గడిచాయి. మేడ మీద గదిలో, సముద్రం కనిపించే కిటికీ ముందు, కుర్చీలో కూర్చుని ఉండేవారు. టీ ఇద్దామని రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే, ఒకదాన్ని మెల్లగా బల్ల చివరికి జరిపేసేవారు. రెండు దిళ్ళు పక్కపక్కన ఉంటే ఒకటి తీసి కింద పెట్టేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఒక సాయంత్రం ఆయన ఎవరితోనో మాట్లాడుతుంటే గుమ్మంలో ఆగాను. గదిలో ఎవరూ లేరు.

"వస్తున్నారు. బయల్దేరారు. కాస్త ఓపిక పట్టండి బాబూ," అంటున్నారు కిటికీ వైపు చూస్తూ. పసిపిల్లలను ఊరడించే గొంతు అది. ఆ తర్వాత ఆయన చేష్టలకు నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు.

మా ఆయన్ని నిలదీస్తే అసలు విషయం చెప్పారు. ఆయన అప్పటికింకా పుట్టలేదట. గాలివాన రోజున, రేవు సముద్రంలోకి తెరుచుకునే మొగ బయట రెండు చేపల పడవలు చిక్కుకుపోయాయి. మామయ్య బురుజు మీంచి చూసి "ఒక పడవ" అని ఫోన్ చేశారు. రక్షణవాళ్ళు వెళ్ళి, ఒక పడవ దొరకగానే అందులోవాళ్ళను ఎక్కించుకుని తిరిగి వచ్చేశారు. ఒడ్డున దిగిన మనిషి దుప్పటి కప్పుకుంటూ వెనక్కి తిరిగి చూసి, "మా వెనకాల మా అన్న పడవ ఏదీ?" అని అడిగాడట. మళ్ళీ వెళ్ళేసరికి అక్కడ ఏమీ లేదు. అందులో ఉన్న నలుగురూ పోయారు. విచారణలో మామయ్య, "నాకు ఒకటే కనపడింది" అని తప్ప ఇంకో మాట చెప్పలేదు. ఆ మర్నాటి నుంచీ ఆయన బైనాక్యులర్ ముట్టుకోలేదు.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తాను. వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్షించి నంబరు చూడటం నా పని. చిన్న మరలు బిగించేటప్పుడు చూపు ఆనడం లేదని అత్తయ్య సణుగుతుంటే, బతిమాలి బామాలి మా దుకాణానికి తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి ఇంకో కన్ను, అది మూసి ఇది, ఇలా అట్టముక్క మార్చి మార్చి చూశాను. అట్ట తీసినప్పుడల్లా ఆవిడ కుడి కన్ను కొంచెం పై నుంచి దిగి వచ్చి ఎడమ కన్నుతో కలుస్తోంది.

"అత్తయ్యా, మీ కళ్ళు రెండూ తోడికోడళ్ళలా ఉన్నాయి. బయటివాళ్ళ ముందు కలిసే ఉంటాయి, ఒంటరిగా వదిలితే దేని దారి దానిది," అన్నాను నవ్వుతూ.

తిరిగి నాలుగు తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"అది ఎప్పటినుంచి ఉంటుంది?"

"చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది. ఏం కంగారు లేదు, బుర్ర సర్దేసుకుంటుంది. మనిషికి తెలియను కూడా తెలీదు."

"బైనాక్యులర్‌లోంచి చూసేటప్పుడు? అప్పుడూ సర్దుకుంటుందా, దాని దారిన అది పోతుందా?"

"చెప్పలేం. మరలు తిప్పుతూ మీ కళ్ళకి హాయిగా ఉన్న చోట ఆపేస్తే, గొట్టాలు కూడా మీ కళ్ళలాగే చెరో వైపు చూస్తాయేమో," అన్నాను. ఆవిడ ఎందుకు అడుగుతున్నారో నాకు అప్పుడు తట్టలేదు. కొత్త కళ్ళజోడు గురించి ఒక్క మాటైనా అడగకుండా లేచి ఇంటికి నడిచారు.

ఆ మధ్యాహ్నం దుకాణానికి లోపలి నుంచి గడియ పెట్టి, మామయ్య బైనాక్యులర్‌ను అలమరలోంచి దించారు. వాళ్ళ నాన్నగారు కొన్న పరికరం ఒకటి బల్లకు బిగించి ఉంటుంది. దాని మీద బైనాక్యులర్ పెడితే, ఒక్కో గొట్టంలోంచి ఒక సన్నటి శిలువ గీత కనిపిస్తుంది. రెండు గొట్టాల్లోనూ గీత ఒకే చోట ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఆవిడ బాగుచేసిన ప్రతి బైనాక్యులర్ ఆ పరికరం మీద నెగ్గాకే బయటికి వెళ్ళేది. ఇప్పుడు ఎడమ గొట్టంలో గీత నడిమధ్యన ఉంది. కుడి గొట్టంలో బాగా కిందికి జారిపోయి ఉంది.

"నువ్వు చూడు," అన్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళి కళ్ళకు ఆనించుకున్నాను. రేవు చివరి దీపస్తంభం రెండుగా కనిపించింది, ఒకటి ఇంకోదాని భుజం మీద ఎక్కి కూర్చున్నట్టు. కళ్ళ వెనక ఎవరో దారం పట్టి లాగుతున్నట్టయింది.

"రెండు, అత్తయ్యా."

ఆవిడ తీసుకుని చూశారు. అన్నేళ్ళలో మొదటిసారి చూశారు. చాలాసేపు దించలేదు.

"నాకు ఒకటే కనపడుతోంది," అన్నారు. ఆ గొంతు విన్నాక ఆ గదిలో నిలబడాలంటే నాకు భయమేసింది.

అప్పుడు చెప్పారు. పెళ్ళయిన కొత్తలో మామయ్య బురుజు మెట్ల మీద బైనాక్యులర్ జారవిడిచారట. పరికరం మరమ్మతుకు వెళ్ళి ఉంది. అది వచ్చేదాకా ఆగమని నాన్నగారు చెప్పినా వినకుండా, పరికరం లేకుండా తనే, తన కళ్ళతోనే గొట్టాలు సరిచేసి బిగించారు. ఆవిడ సొంతంగా చేసిన మొదటి పని అది. ఆ పద్ధతిలో చేసింది కూడా అదొక్కటే. పరికరం తిరిగి వచ్చాక దేన్నీ కంటి మీద నమ్మి చేయాల్సిన అవసరం రాలేదు, అందుకే తన కళ్ళ సంగతి ఆవిడకు ఎప్పుడూ బయటపడలేదు.

"అన్నీ రెండు రెండుగా కనపడుతుంటే, ఆ గాలివానలో రెండో పడవ కూడా అద్దం చేసే మోసమే అనుకుని ఉంటారు," అన్నారు. "ఆయన కన్ను మంచిదే. నా కన్నే."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం అత్తయ్యా? ఊరుకోండి," అన్నాను. నాకు నిజంగానే అలా అనిపించింది. ముసలితనంలో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అయిపోతారేమోనని నా భయం.

"రోజూ సాయంత్రం ఆ నలుగురితో మాట్లాడేది ఆయన. మాట్లాడాల్సింది నేను. చెయ్యని తప్పుకి ఒక మనిషి అలా కుర్చీలో అయిపోతుంటే పైన ఫ్యాను వేసుకుని పడుకోమంటావా?" అని, కొంచెం ఆగి, "చెప్పాక ఆయన నన్ను ఆ సముద్రాన్ని చూసినట్టు చూస్తే ఎలా భరించాలో మాత్రం తెలీడం లేదు," అన్నారు.

అలాగని వెంటనే చెప్పలేకపోయారు. మెట్ల దాకా వెళ్ళి, కాయగూరల సంచి మర్చిపోయినట్టు తిరిగి వచ్చేవారు. దుకాణంలో ఒకతను చొక్కాతో గాజు తుడిచినా చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆవిడ నోరు మూసుకుంటే ఇల్లు ఎంత భయంకరంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. పైన మామయ్య గొంతు, కింద ఈవిడ మౌనం. అద్దె ఇల్లు చూసుకుని పారిపోదామా అని మా ఆయనతో అన్నాను కూడా.

చివరికి ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, బైనాక్యులర్ చేత్తో పట్టుకుని మెట్లెక్కారు. మామయ్య మాత్రల డబ్బా సాకుగా పట్టుకుని నేనూ వెనకాలే వెళ్ళాను. నన్ను పొమ్మనలేదు. ఒంటరిగా చెప్పే ధైర్యం ఆవిడకూ లేదనుకుంటాను.

"ఏమండీ," అన్నారు మంచం అంచున కూర్చుని. "మీ బైనాక్యులర్ ఆనాడు నేను పాడుచేశాను. సరిచేశాననుకున్నాను, తప్పు బిగించాను. నా కళ్ళలో లోపం ఉందట. ఇందులో ఒకటి రెండుగా కనపడుతుంది. అందుకే ఆ రెండో పడవ మీకు అబద్ధమనిపించింది. మీ తప్పేం లేదు. ఆ నలుగురూ నా వల్ల పోయారు."

అంతా ఒక్క గుక్కలో చెప్పేశారు. మామయ్య ఆవిడ చేతిలోని వస్తువు వైపు చూశారు గానీ ముట్టుకోలేదు.

"రెండు పడవలుంటే ఇందులోంచి ఎన్ని కనపడాలి?" అని అడిగారు.

అత్తయ్యకు అర్థం కాలేదు. "నాలుగు," అన్నాను నేను.

"నాలుగు. నాకు రెండే కనపడ్డాయి," అన్నారు మామయ్య. "దీంతో రోజూ తలపోటు వచ్చేది. ఆ రోజు గాలికి, వానకి మరీ ఎక్కువైంది. ఎడమ కన్ను మూసేసుకున్నాను. ఒక్క కంటితో చూస్తే సరిగ్గానే కనపడుతుందిగా. రెండు పడవలు, ఎదురుగా, శుభ్రంగా కనపడ్డాయి. కానీ రెండు కనపడితే ఒకటని చెప్పడం నాకు అలవాటైపోయింది. రోజూ అదే లెక్క. ఫోన్ తీసి ఒకటి అనేశాను. కన్ను మూసుకుని ఉన్నానన్న సంగతే గుర్తు రాలేదు. ఆ మనిషి ఒడ్డున దిగి అన్న పడవ ఏదని అడిగినప్పుడు గుర్తొచ్చింది."

ఆయనను మోసగించింది అద్దం కాదు. ఆయన చూశారు. చూసి కూడా అలవాటు కొద్దీ సగం చేసి చెప్పారు. ఇన్నేళ్ళూ ఆ సగాన్నే ఊరడిస్తూ కూర్చున్నారు.

అత్తయ్యకు ఇంకో మాట దగ్గర మనసు ఆగిపోయింది.

"అలవాటా? అంటే మీకు ముందే తెలుసా? రెండుగా కనపడుతోందని?"

"మొదటి రోజు నుంచీ తెలుసు."

"మరి నాకు చెప్పలేదేం?"

మామయ్య కిటికీ వైపు నుంచి మొహం తిప్పి ఆవిడను చూశారు. "నువ్వు చేసి తెచ్చి నా చేతికిచ్చి, ఎలా ఉంది అని అడిగావు. మీ నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. ఆడపిల్లకి ఈ పని ఎందుకని అంతకుముందే ఆయన నిన్ను అన్నాడు. నీ మొహం చూశాను. బ్రహ్మాండంగా ఉందన్నాను. అంతే, ఇంక నీ చేతిలోంచి పని ఎవరూ లాక్కోలేకపోయారు. ఇంకొకళ్ళ దగ్గర బాగుచేయించుకుంటే నీకు తెలిసిపోతుంది. సర్దుకుపోదామనుకున్నాను. సర్దుకుపోయాను. విచారణలో కూడా అందుకే ఒకటే కనపడిందన్నాను."

"కూరలో ఉప్పెక్కువైతే వీధంతా వినపడేట్టు అరిచేవారు కదండీ!"

"దానికి నువ్వు తిరిగి అరిచేదానివి. దీనికైతే ఏడ్చేదానివి."

నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలేసింది, రెండూ ఒకేసారి. పెళ్ళాం మొహం చిన్నబోకూడదని ఒక మంచి మాట అన్నందుకు నాలుగు ప్రాణాలు పోయాయి. ఎవరిని తిట్టాలి? నేనైనా అదే మాట అనేదాన్నేమో. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అత్తయ్య ఏడవలేదు. లేచి ఆయన కుర్చీ పక్కన నిలబడి, బైనాక్యులర్‌ను ఆయన ఒళ్ళో పెట్టారు.

"చూడండి," అన్నారు.

మామయ్య చేతులు దాని మీదికి వెళ్ళి ఆగిపోయాయి. ఆవిడ అక్కడే నిలబడి ఉన్నారు. చాలాసేపటికి ఆయన దాన్ని ఎత్తి కళ్ళకు ఆనించుకున్నారు. కన్ను మూయలేదు. ముసురులో, రేవు మొగ దగ్గర ఒకే ఒక్క పడవ లంగరు వేసి ఉంది.

"ఎలా ఉంది?" అని అడిగారు అత్తయ్య.

"రెండు కనపడుతున్నాయి," అన్నారు మామయ్య.

ఆవిడ తల ఊపి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. నేను మాత్రల డబ్బా బల్ల మీద పెట్టి కిందికి దిగి వచ్చాను.